రెగ్జిన్, టార్పాలిన్ కుట్టడానికి ఏ మిషన్ కొనాలి?

పర్లాకిమిడి, రాయగడ వైపు ఆటో సీట్లు, టార్పాలిన్లు కుట్టే పని పెట్టాలనుకునేవాళ్లు ముందు మోటారు ఎంత పెద్దదని అడుగుతారు, కానీ అసలు చూడాల్సింది మిషన్ గుడ్డను ఎలా లాగుతుందన్నది. మామూలు మిషన్‌లో కింద పళ్లే లాగుతాయి, పైన ఫుట్ ఊరికే నొక్కి ఉంటుంది, అందుకే రెగ్జిన్ పై పొర వెనకబడి చివరికొచ్చేసరికి అంచులు కలవవు. వాకింగ్ ఫుట్ మిషన్‌లో పై ఫుట్ కూడా లాగుతుంది. కాంపౌండ్ ఫీడ్ అయితే సూది కూడా గుడ్డతోపాటే కదులుతుంది. సీట్ల పనికి ఖరీదెక్కువైనా ఇదే తీసుకోండి. జీన్స్‌కైతే 16 నంబరు సూదితో కాలి మిషనే చాలు.

మోటారు సర్వోదే అడగండి, తొక్కితేనే తిరుగుతుంది, మూలల్లో ఒక్కో కుట్టుగా నడపొచ్చు. క్లచ్ మోటారు మీరు ఆపినా తిరుగుతూ కరెంటు తింటుంది.

మిషన్ కొనడానికి బరంపురం వెళ్లినా పార్వతీపురం వెళ్లినా మీ పని ముక్కలే పట్టుకెళ్లి, నాలుగు పొరలు మడిచి, మీ లావు దారంతోనే కుట్టించండి. ముక్క తిప్పితే అడుగున దారం ఉచ్చులు కనబడితే పై దారం టెన్షన్ (బిగువు) పెంచి మళ్లీ కుట్టమనండి, అప్పుడూ పోకపోతే ఆ మిషన్ వద్దు. కుట్టు పొడవు కనీసం 4 మి.మీ. పడాలి, మరీ దగ్గర కుట్లు పడితే రెగ్జిన్ ఆ చిల్లుల వెంటే చిరుగుతుంది.