అణువు ఆకృతి తప్పు వస్తోందా? లెక్క ఎక్కడ జారిందో పట్టుకోవడం ఇలా

రసాయన బంధం పాఠంలో ఆకృతి ప్రశ్న తప్పిందంటే చాలామంది ఆకృతుల పట్టిక తీసి మళ్లీ బట్టీ పడతారు. తప్పు సాధారణంగా పట్టికలో ఉండదు. ఎలక్ట్రాన్లు లెక్కపెట్టిన మొదటి లైనులో ఉంటుంది, లేదంటే ఒంటరి జంటలను (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలను) ఎక్కడ పెట్టాలో తేల్చే చివరి లైనులో ఉంటుంది. కాబట్టి వచ్చిన తప్పు జవాబును చెరిపేయకండి. అది ఎలాంటి తప్పో చూస్తే కారణం అందులోనే దొరుకుతుంది.

సమస్య: సూత్రంలో వేస్తే 4.5 వచ్చింది

కోచింగ్ క్లాసుల్లో అందరూ వాడే సూత్రం ఇది: కేంద్ర పరమాణువు వేలన్సీ (బయటి కర్పరంలోని) ఎలక్ట్రాన్లకు చుట్టూ ఉన్న ఏకసంయోజక (ఒకే బంధం ఏర్పరచే) పరమాణువుల సంఖ్య కలపాలి, ధనావేశం తీసేయాలి, రుణావేశం కలపాలి, మొత్తాన్ని 2తో భాగించాలి. వచ్చే సంఖ్య కేంద్రం చుట్టూ ఎలక్ట్రాన్ జంటలు ఎన్ని దిక్కుల్లో ఉన్నాయో చెబుతుంది. నైట్రేట్ అయాన్‌కి (5 + 3 + 1) ÷ 2 = 4.5 వచ్చిందంటే ఆక్సిజన్లను కూడా కలిపేశారన్నమాట. ఆక్సిజన్ ద్విసంయోజకం, దానికి సున్నా వేయాలి. కలపాల్సింది హైడ్రోజన్, హాలోజన్‌లనే (ఫ్లోరిన్, క్లోరిన్ లాంటివి). సరిచేస్తే (5 + 0 + 1) ÷ 2 = 3. చుట్టూ ఆక్సిజన్లూ మూడే కాబట్టి ఒంటరి జంట మిగలదు. ఆకృతి సమతల త్రిభుజం, కోణం 120 డిగ్రీలు.

అన్నీ సరిగ్గా వేసినా సగం మిగిలితే కంగారు పడక్కర్లేదు, అది బేసి ఎలక్ట్రాన్ అణువు. నైట్రోజన్ డయాక్సైడ్‌కి 5 ÷ 2 = 2.5 వస్తుంది. దాన్ని 3గా తీసుకోండి. మూడో స్థానంలో జంటకు బదులు ఒకే ఎలక్ట్రాన్ ఉంటుంది, దాని వికర్షణ బలహీనం. అందుకే బంధ కోణం 120 దాటి 134 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది. దీనికి ఒక ఎలక్ట్రాన్ కలిపితే నైట్రైట్ అయాన్: అక్కడ పూర్తి ఒంటరి జంట ఏర్పడి కోణం 115కి ముడుచుకుంటుంది. ఉన్న ఆ ఒక్కటీ తీసేస్తే నైట్రోనియం అయాన్: అడ్డు ఏమీ లేదు, 180. ఈ మూడూ పక్కపక్కన రాసుకుంటే ఒంటరి ఎలక్ట్రాన్ల పని ఏమిటో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

సమస్య: అమ్మోనియం అయాన్‌కి 5 జంటలు వచ్చాయి

ఆవేశం గుర్తు తిరగబడింది. ధనావేశం అంటే ఎలక్ట్రాన్ పోయిందని అర్థం, కాబట్టి తీసేయాలి: (5 + 4 − 1) ÷ 2 = 4. ప్లస్ కనిపించగానే చెయ్యి తనంతట తానే కలిపేస్తుంది, జాగ్రత్త. కేంద్రంలో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఉన్నప్పుడు 4కి మించి ఏ సంఖ్య వచ్చినా అక్కడితో ఆగిపోండి. రెండో పీరియడ్ మూలకాల వేలన్సీ కర్పరంలో ఉన్న ఆర్బిటాళ్లు నాలుగే. ఐదో జంటకు చోటు లేదు.

సమస్య: కార్బన్ డయాక్సైడ్ చతుర్ముఖీయం అయి కూర్చుంది

కార్బన్ చుట్టూ నాలుగు బంధ జంటలు ఉన్నమాట నిజమే. కానీ ద్విబంధంలోని రెండు జంటలూ ఒకే దిక్కులో ఉంటాయి. లెక్కపెట్టాల్సింది జంటలను కాదు, దిక్కులను. రెండు దిక్కులే ఉన్నాయి కాబట్టి ఆకృతి సరళరేఖ. సల్ఫర్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లు, ఒక ఒంటరి జంట కలిసి మూడు దిక్కులు, కోణం సుమారు 119. ద్విబంధం ఒక్క దిక్కే అయినా ఏకబంధం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఫాస్జీన్‌లో (కార్బన్‌కు ద్విబంధంతో ఒక ఆక్సిజన్, ఏకబంధాలతో రెండు క్లోరిన్లు) ఆ రెండు క్లోరిన్ల మధ్య కోణం 120 కాకుండా 112 దగ్గర ఉండటానికి కారణం ఇదే.

సమస్య: అమ్మోనియా చతుర్ముఖీయం అని రాస్తే మార్కు పోయింది

అమరిక నాలుగు జంటలది, ఆకృతి పరమాణువులది. ఆకృతి పేరు పెట్టేటప్పుడు ఒంటరి జంటలను మనసులో చెరిపేయండి. అమ్మోనియా పిరమిడ్, నీరు కోణీయం.

సమస్య: క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ సమతల త్రిభుజం వచ్చింది

ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ అణువంటే మహా ఇష్టం. లెక్క మొదటి నుంచి చూద్దాం. మొత్తం వేలన్సీ ఎలక్ట్రాన్లు 7 + 21 = 28. మూడు బంధాలకు 6 పోతే 22. ఒక్కో ఫ్లోరిన్‌కి 6 చొప్పున 18 పంచితే 4 మిగిలాయి. అంటే క్లోరిన్ మీద రెండు ఒంటరి జంటలు, మొత్తం ఐదు జంటలు. అమరిక త్రికోణీయ ద్విపిరమిడ్. ఇక్కడి దాకా అందరూ వస్తారు.

చిక్కు తర్వాతే. ఈ ద్విపిరమిడ్‌లో ఐదు స్థానాలూ సమానం కావు. పైన, కింద ఉన్నవి రెండు అక్షీయ స్థానాలు, నడుం చుట్టూ ఉన్నవి మూడు మధ్యతల స్థానాలు. అక్షీయ స్థానానికి 90 డిగ్రీల దూరంలో ముగ్గురు పొరుగువారు, మధ్యతల స్థానానికి ఇద్దరే. ఒంటరి జంటలను పైనా కిందా పెట్టినవారికి సమతల త్రిభుజం వస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ తప్పు.

తేల్చుకోవడానికి 90 డిగ్రీల వికర్షణలను మాత్రమే లెక్కించండి. రెండు ఒంటరి జంటలూ అక్షీయమైతే ఒంటరి జంట–బంధ జంట తాకిడులు 6. ఒకటి అక్షీయం, ఒకటి మధ్యతలమైతే అవి 3కి తగ్గుతాయి గానీ, ఒంటరి జంటలు రెండూ ఒకదానితో ఒకటి 90 దగ్గర ఢీకొంటాయి. అన్నిటికన్నా బలమైన వికర్షణ అదే, కాబట్టి ఈ అమరికను ముందే కొట్టేయాలి. రెండూ మధ్యతలమైతే ఒంటరి జంటల మధ్య 120 ఉంటుంది, ఒంటరి–బంధ తాకిడులు 4. ఇదే నెగ్గుతుంది. మిగిలిన మూడు ఫ్లోరిన్లు టీ ఆకారంలో నిలుస్తాయి, కోణం 90 కూడా కాదు, 87.5 డిగ్రీలు.

ఐదు జంటలు వచ్చిన ప్రతిచోటా ఇదే నియమం: ఒంటరి జంటలు ముందు మధ్యతలానికే వెళ్తాయి. ఒకటి వెళ్తే సీ-సా (పిల్లలు ఆడే ఊగుడు బల్ల) ఆకృతి, ఉదాహరణకు సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్. రెండు వెళ్తే టీ. మూడూ వెళ్తే సరళరేఖ: జీనాన్ డైఫ్లోరైడ్, ట్రైఅయోడైడ్ అయాన్. "ఒంటరి జంటలున్నాయి కాబట్టి వంగాలి" అని ఈ చివరి రెంటినీ వంచేసేవారు ఎందరో. మూడు జంటలు మూడు వైపుల నుంచి సమానంగా నెడుతుంటే వంగడానికి దారెక్కడ?

ఆరు జంటల దగ్గర ఈ గొడవ లేదు. అష్టముఖిలో ఆరు స్థానాలూ సమానమే. మొదటి ఒంటరి జంటను ఎక్కడ పెట్టినా ఒకటే, రెండోదాన్ని దానికి సరిగ్గా ఎదురుగా పెట్టాలి. జీనాన్ టెట్రాఫ్లోరైడ్ సమతల చతురస్రం కావడం అలాగే.

సమస్య: బంధ కోణాల వరుస తారుమారైంది

పోల్చే క్రమం మారితే ఇలా అవుతుంది. ముందు దిక్కుల సంఖ్య చూడండి, అది సమానమైతే ఒంటరి జంటలు: మీథేన్ 109.5, అమ్మోనియా 107, నీరు 104.5. అదీ సమానమైతేనే కేంద్ర పరమాణువు వైపు చూడాలి. నీరు 104.5 అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ 92. సల్ఫర్ పరిమాణం పెద్దది, రుణవిద్యుదాత్మకత (బంధ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే శక్తి) తక్కువ. బంధ జంటలు కేంద్రానికి దూరంగా ఉండి ఒకదాన్నొకటి అంతగా నెట్టుకోవు. చివరగా చుట్టూ ఉన్న పరమాణువు: ఫ్లోరిన్ బంధ జంటను తన వైపు లాక్కుంటుంది కాబట్టి నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ కోణం 102, అమ్మోనియా కన్నా తక్కువ.

ఈ చివరి మెట్టును ఫాస్ఫరస్ దాకా లాగకండి. ఫాస్ఫీన్ (ఫాస్ఫరస్‌కు మూడు హైడ్రోజన్లు) సుమారు 93.5, ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్ సుమారు 98. వరుస తిరగబడింది. ఈ జతను విడిగా గుర్తుపెట్టుకోవడమే మేలు.

సమస్య: నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌కే ద్విధ్రువ భ్రామకం ఎక్కువని జవాబొచ్చింది

ద్విధ్రువ భ్రామకం అంటే అణువులో ఆవేశం ఏ వైపుకు, ఎంత ఒరిగిందో చెప్పే కొలత, దాన్ని బాణాలతో గీస్తారు. బంధాల బాణాలు గీసి ఒంటరి జంట బాణం మరిచిపోయారు. అమ్మోనియాలో బంధ భ్రామకాలు నైట్రోజన్ వైపు, ఒంటరి జంట భ్రామకమూ అదే దిక్కు. రెండూ కలిసి 1.47 డిబై (ద్విధ్రువ భ్రామకపు ప్రమాణం). ట్రైఫ్లోరైడ్‌లో బంధాలు ఫ్లోరిన్ల వైపు లాగితే ఒంటరి జంట ఎదురు లాగుతుంది, చివరకు మిగిలేది 0.24 దగ్గర.

సమస్య: అంతా సరిగ్గా చేసినా నికెల్ సంక్లిష్టాల ఆకృతి రావడం లేదు

నికెల్ టెట్రాక్లోరైడ్ అయాన్ చతుర్ముఖీయం, టెట్రాసయనైడ్ అయాన్ సమతల చతురస్రం. రెంటిలోనూ అదే నికెల్ 2+, చుట్టూ నాలుగే లైగాండ్లు (లోహానికి అతుక్కున్న అయాన్లు లేదా అణువులు). జంటల వికర్షణ లెక్క వీటిని విడదీయలేదు, ఎందుకంటే ఇక్కడ ఆకృతిని తేల్చేవి లోపలి డీ ఎలక్ట్రాన్లు. పరివర్తన లోహం కనిపిస్తే ఈ పద్ధతిని పక్కనపెట్టి లైగాండ్ బలం, స్ఫటిక క్షేత్ర సిద్ధాంతంతో మొదలుపెట్టండి.