మీ ఫోన్‌పై నిఘా ఉందా? అనుమానాన్ని తేల్చుకునే పద్ధతి

ఫోన్ వేడెక్కుతోందనో, ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోందనో, మాట్లాడుతుంటే గరగరమని శబ్దం వస్తోందనో ఎవరో తమను గమనిస్తున్నారని చాలామంది అనుకుంటారు. ఇవేవీ నమ్మదగిన ఆధారాలు కావు. పాతబడిన బ్యాటరీ, సిగ్నల్ సరిగా అందని గది, లోలోపల ఫొటోలను బ్యాకప్ చేస్తున్న యాప్ కూడా ఇవే లక్షణాలను చూపిస్తాయి. నేర్పుగా రాసిన నిఘా యాప్ మాత్రం ఏ లక్షణమూ బయటపడకుండా నెలల తరబడి పనిచేయగలదు. మీరు ఎవరికీ చెప్పని సంగతి ఒక వ్యక్తికి పదేపదే తెలిసిపోతూ ఉంటే దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఏ సంగతులు తెలుస్తున్నాయో గమనిస్తే ఎక్కడ వెతకాలో కూడా తేలుతుంది: వాట్సాప్ సందేశాలు బయటికి పోతుంటే ఒకచోట, మీరున్న చోటు తెలిసిపోతుంటే మరోచోట, ఓటీపీలు పోతుంటే ఇంకోచోట.

వెతకడానికి ముందు ఒక జాగ్రత్త అవసరం. గమనిస్తున్నది ఇంట్లోవారో సన్నిహితులో అయితే, మీరు యాప్‌ను తొలగించగానే సమాచారం ఆగిపోయి, మీకు విషయం తెలిసిపోయిందని వారు గ్రహిస్తారు. చేయి చేసుకునే మనిషి అన్న భయం ఉంటే, దేన్నీ తొలగించకముందే మరో ఫోన్ నుంచి నమ్మకస్తులకు గానీ 181 మహిళా హెల్ప్‌లైన్‌కు గానీ చెప్పాలి. కనిపించిన ప్రతి ఆధారాన్నీ వేరే ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే అనుమానం ఉన్న ఫోన్‌లోనే తీసిన స్క్రీన్‌షాట్ అవతలివారి కంట కూడా పడవచ్చు.

మొదట చూడవలసింది వాట్సాప్. దాన్ని గమనించడానికి నిఘా యాప్ ఏదీ అక్కర్లేదు. మీ లాక్ తెలిసినవారి చేతికి ఫోన్ ఒక నిమిషం చిక్కితే, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మరో కంప్యూటర్‌లో మీ ఖాతాను తెరిచేయవచ్చు. పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘లింక్డ్ డివైజెస్’ తెరిస్తే, జతపడి ఉన్న ప్రతి పరికరమూ, అది చివరిసారి ఎప్పుడు పనిచేసిందీ కనిపిస్తాయి. మీ ఇంట కంప్యూటరే లేకపోయినా అక్కడ ‘గూగుల్ క్రోమ్ (విండోస్)’ అని ఉండి, చివరి సమయం రాత్రి 2 గంటలదైతే ఇక వేరే రుజువు అక్కర్లేదు. ఆఫీసులోనో జిరాక్స్ షాపులోనో మీరే తెరిచి మరిచిపోయారేమో మాత్రం ఒకసారి గుర్తు చేసుకోండి; అలా బయటపడేవీ తక్కువేమీ కాదు.

తరువాత గూగుల్ ఖాతా. సెట్టింగ్స్‌లో గూగుల్ పేరు కింద మీ ఖాతాను తెరిచి, సెక్యూరిటీ విభాగంలో ‘యువర్ డివైజెస్’ చూస్తే మీ పాస్‌వర్డ్‌తో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి ‘లొకేషన్ షేరింగ్’ను, గూగుల్ ఫొటోస్‌లో ‘పార్ట్‌నర్ షేరింగ్’ను కూడా చూడాలి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అసలు కీలకం ‘యాక్సెసిబిలిటీ’ సెట్టింగ్. చూపు లేనివారికి తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించడం వంటి మంచి పనికోసం పెట్టిన ఈ అనుమతి ఏ యాప్‌కు దక్కినా, అది మీ తెరపై కనిపించే ప్రతి అక్షరాన్నీ చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను పెట్టే ఫైళ్లు) ఇన్‌స్టాల్ కాగానే ఎస్ఎంఎస్ అనుమతినీ, చాలాసార్లు దీన్నీ అడిగేది అందుకే. యాక్సెసిబిలిటీలో ‘డౌన్‌లోడెడ్ యాప్స్’ కింద (కొన్ని ఫోన్లలో ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’) మీరు ఇవ్వని అనుమతి ఆన్‌లో ఉంటే అనుమానించండి. పేరు చూసి మోసపోకూడదు. ఇలాంటివి ‘సిస్టమ్ సర్వీస్’, ‘సింక్ సర్వీస్’ వంటి పేర్లతో దాక్కుంటాయి. అలాగే ‘డివైస్ అడ్మిన్ యాప్స్’, ‘నోటిఫికేషన్ యాక్సెస్’, ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనే మూడింటినీ సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో టైప్ చేసి చూడండి. ఒక యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే ఆ బటన్ పనిచేయడం లేదంటే, దానికి డివైస్ అడ్మిన్ హోదా ఉండి ఉండవచ్చు. ముందు అక్కడ ఆఫ్ చేయాలి. ప్లే స్టోర్‌లో హానికర యాప్‌లను పట్టే ‘ప్లే ప్రొటెక్ట్’ తనిఖీని మీ ప్రమేయం లేకుండా ఎవరో ఆపి ఉంచారంటే అది గట్టి ఆధారమే.

ఐఫోన్‌లో యాప్ పెట్టడం కష్టం కాబట్టి ఐక్లౌడ్ పాస్‌వర్డ్ తెలిసినవారి వైపే చూడాలి: సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే కింద పరికరాల జాబితా ఉంటుంది, ఎవరితో ఏమేం పంచుకుంటున్నారో చూసి ఆపేసే ‘సేఫ్టీ చెక్’ కూడా ఐఓఎస్ 16 నుంచి ఉంది.

కాల్స్ మరో నంబరుకు మళ్లుతున్నాయేమో చూడటానికి *#21# డయల్ చేయాలి; జవాబు రాకపోతే ఫోన్ యాప్‌లోని కాల్ ఫార్వార్డింగ్ సెట్టింగ్ చూడాలి. *401# డయల్ చేయించి కాల్స్‌ను తమ నంబరుకు మళ్లించుకున్న మోసాల వల్ల 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి కోడ్‌లతో కాల్స్ మళ్లించే సదుపాయాన్ని నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. ఫోన్ అందనప్పుడు కాల్స్ ఎటు మళ్లుతాయో చూపే *#62# కొడితే తెలియని నంబరు వచ్చిందని కంగారుపడనవసరం లేదు, అది తరచూ ఆపరేటర్ మిస్డ్ కాల్ సేవ నంబరే అయి ఉంటుంది.

ఫోన్‌లో ఏమీ దొరకకపోయినా మీరున్న చోటు తెలిసిపోతుంటే బ్యాగులో, బండి సీటు కింద వెతకండి. ఎయిర్‌ట్యాగ్ వంటి, ఉన్న చోటును తెలిపే బిళ్ల మీ వెంట కదులుతుంటే ఐఓఎస్ 17.5, ఆండ్రాయిడ్ 6.0, ఆపై ఫోన్లు హెచ్చరిస్తాయి, బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి.

టెలికాం నెట్‌వర్క్ దగ్గరే జరిగే ట్యాపింగ్‌ను మాత్రం ఏ సెట్టింగూ, ఏ కోడూ చూపించదు. తెలంగాణలో 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదయ్యాక ‘మా ఫోన్ కూడానా’ అని అడిగినవారికి ఫోన్‌లో జవాబు దొరకదు. పెగాసస్ తరహా స్పైవేర్ (రహస్యంగా ఫోన్‌లో చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్) సంగతీ అంతే. సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 29 ఫోన్లను పరీక్షించి, 5 ఫోన్లలో మాల్‌వేర్ ఉందనీ, అది పెగాససేనని తేల్చలేమనీ 2022లో చెప్పింది. పాత్రికేయులు, కార్యకర్తలు వంటివారు ఐఫోన్‌లో, దాడికి దారిచ్చే సదుపాయాలను పరిమితం చేసే ‘లాక్‌డౌన్ మోడ్’ పెట్టుకోవడం మేలు. ఇలాంటి దాడిని పసిగట్టి హెచ్చరిస్తామంటూ యాప్ అమ్మేవారిని నమ్మవద్దు.

ఆధారం దొరికితే ఫొటోలతో cybercrime.gov.in అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మహిళ ఆన్‌లైన్ సంభాషణలపై పురుషుడు నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఫిర్యాదు పూర్తయ్యాకే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ముందే చేస్తే ఆధారం కూడా చెరిగిపోతుంది. రీసెట్ తరువాత పాత బ్యాకప్ నుంచి యాప్‌లను తెచ్చుకోకుండా ఒక్కొక్కటిగా ప్లే స్టోర్ నుంచే పెట్టుకోవాలి. గూగుల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చి, ఇంట్లో అందరికీ తెలిసిన పాత పిన్‌ను కూడా మార్చాలి.