ఒహాయోలో ఫైర్‌ఫైటర్లు జీతం పోకుండా సైనిక సెలవు ఎలా తీసుకోవాలి?

అమెరికాలో ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం చేస్తూనే నేషనల్ గార్డ్‌లోనో (రాష్ట్రాల్లో ఉండే పార్ట్‌టైమ్ సైనిక దళం), సైన్యపు రిజర్వు దళాల్లోనో కొనసాగేవారు ఎందరో ఉన్నారు. నెలకొక వారాంతం డ్రిల్, ఏడాదికోసారి దాదాపు రెండు వారాల శిక్షణ వీరికి మామూలే. 1994లో వచ్చిన యూసెర్రా అనే ఫెడరల్ చట్టం వీరి ఉద్యోగానికి రక్షణ కల్పిస్తుంది గాని, సైనిక విధుల్లో ఉన్న రోజులకు జీతం ఇచ్చి తీరాలని చెప్పదు. నగరాల్లో, కౌంటీల్లో పనిచేసేవారికి ఆ జీతం సంగతి రాష్ట్ర చట్టాలే తేలుస్తాయి. అవి రాష్ట్రానికో రకంగా ఉంటాయి కనుక, ఫైర్‌ఫైటర్ల పని గంటలను గుర్తించి వారికి విడిగా లెక్క కట్టిన ఒహాయో రాష్ట్ర పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మీకు అర్హత ఉందో లేదో చూసుకోండి. ఒహాయో చట్టస్మృతిలోని 5923.05 సెక్షన్ ప్రకారం ఈ సెలవు శాశ్వత ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రమే వర్తిస్తుంది. అప్పుడప్పుడు పిలిస్తే వచ్చేవారికి, సీజన్ వరకే పనిచేసేవారికి ఇది రాదు.

తరువాతిది అన్నిటికన్నా ముఖ్యమైన పని, గంటల లెక్క. చట్టం ఏడాదికి ఒక నెల వరకు జీతంతో సెలవు ఇస్తుంది. మామూలు ఉద్యోగికి ఆ నెల అంటే ఎనిమిది గంటల పనిదినాలు 22, అంటే 176 గంటలు. ఫైర్‌ఫైటర్‌కు, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌కు మాత్రం 24 గంటల పనిదినాలు 17, అంటే 408 గంటలు. ఈ తేడా దయతో ఇచ్చింది కాదు, న్యాయంగా రావలసింది. ఒక రోజు డ్యూటీ, రెండు రోజులు విశ్రాంతి పద్ధతిలో పనిచేసే మనిషికి 176 గంటలే ఇస్తే ఏడు షిఫ్టులకే అవి దాదాపు అయిపోతాయి. పదిహేను రోజుల వార్షిక శిక్షణలోనే ఐదు షిఫ్టులు, అంటే 120 గంటలు పోతాయి. ఇక మిగిలిన రెండు షిఫ్టులతో ఏడాది పొడవునా డ్రిల్ వారాంతాలను నెట్టుకురావడం ఎవరికీ సాధ్యం కాదు.

కాబట్టి మీ యూనిట్ ఇచ్చిన డ్రిల్ తేదీలను, మీ షిఫ్టు క్యాలెండర్‌ను పక్కపక్కన పెట్టుకొని, రెండూ ఢీకొనే రోజులను మాత్రమే గుర్తు పెట్టండి. మీకు ఎలాగూ డ్యూటీ లేని రోజుకు ఈ సెలవు ఖర్చు చేయవలసిన పనిలేదు. ఇంకొక మాట. ఈ ఖాతా జనవరిలో మొదలవదు, ఫెడరల్ ఆర్థిక సంవత్సరం ప్రకారం అక్టోబరు 1న మొదలవుతుంది. పేరోల్ విభాగం లెక్క రాస్తుంది గదా అని ఊరుకోకుండా, వాడిన గంటలను మీ దగ్గర కూడా తేదీలవారీగా రాసిపెట్టుకోండి. ఎనిమిది గంటల ఉద్యోగికి వేసే లెక్కనే పొరపాటున మీకూ వేశారేమో పట్టుకోగలిగేది ఆ కాగితమే.

ఇప్పుడు కాగితాలు. తేదీలు తెలిసిన వెంటనే పై అధికారికి చెప్పండి. యూసెర్రా ప్రకారం నోటిమాట సరిపోతుంది గాని, రాతపూర్వకంగా ఇచ్చి ఒక ప్రతి ఉంచుకోవడమే మంచిది. జీతం రావాలంటే మాత్రం సైనిక ఉత్తర్వునో, మీ కమాండర్ రాసి ఇచ్చిన ధ్రువపత్రాన్నో సెలవు మంజూరుకు ముందే సమర్పించాలి. మీ బదులు ఎవరు డ్యూటీ చేస్తారో మీరే వెతికి తేవాలని గాని, సొంత వార్షిక సెలవులు వాడుకోవాలని గాని మిమ్మల్ని బలవంతపెట్టడానికి వీల్లేదు. యూనియన్ ఒప్పందాన్ని, నగరపు ఆర్డినెన్స్‌ను, అంటే నగర పాలక మండలి చేసిన స్థానిక చట్టాన్ని కూడా ఒకసారి చదవండి, వాటిలో ఇంతకన్నా మెరుగైన ఏర్పాటు ఉండవచ్చు.

నెలకు మించి విధుల్లోకి పిలిస్తే లెక్క మారుతుంది. ఆ పిలుపు అధ్యక్షుడి ఉత్తర్వు వల్లనో, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టం వల్లనో, గవర్నర్ ఆదేశం వల్లనో వచ్చినదైతే, మీ స్థూల జీతానికీ సైన్యం ఇచ్చే జీతభత్యాలకూ ఉన్న తేడాను నెలనెలా చెల్లిస్తారు, అయితే అది 500 డాలర్లకు మించదు. ఉదాహరణకు నగరం జీతం 6,000 డాలర్లు, సైన్యం ఇచ్చేది 5,700 అయితే మీకు 300 వస్తుంది. సైన్యం ఇచ్చేది 5,200 అయితే తేడా 800 ఉన్నా 500 మాత్రమే వస్తుంది. సైన్యం ఇచ్చేదే ఎక్కువైతే ఏమీ రాదు.

తిరిగి చేరేటప్పుడు గడువు జాగ్రత్తగా చూసుకోవాలి. సేవ 31 రోజుల లోపైతే, ఇంటికి క్షేమంగా చేరే ప్రయాణ సమయం, ఆపైన ఎనిమిది గంటల విశ్రాంతి పోగా వచ్చే మొదటి పూర్తి షిఫ్టుకు హాజరు కావాలి. ఆదివారం ఉదయం ఏడింటికి మీ షిఫ్టు మొదలైంది, మీరు డ్రిల్ ముగించుకొని సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరారు అనుకుందాం. సగంలో ఉన్న ఆ షిఫ్టులో రాత్రికి రాత్రి వెళ్లి చేరాలని చట్టం అడగదు. రోజంతా డ్రిల్‌లో నలిగిన మనిషిని అర్ధరాత్రి మంటల్లోకి పంపడం అతనికీ, పక్కనున్న సిబ్బందికీ ప్రమాదమే. సేవ 31 నుంచి 180 రోజుల వరకు సాగితే 14 రోజుల్లో, అంతకు మించితే 90 రోజుల్లో ఉద్యోగానికి దరఖాస్తు చేయాలి.

చేరిన తరువాత వచ్చే మొదటి పేస్లిప్‌ను మీ కాగితంతో పోల్చి చూడండి. గంటలు తేడాగా ఉంటే ముందు పేరోల్ వారిని రాతపూర్వకంగా అడగండి, సరిచేయకపోతే యూనియన్ ప్రతినిధి దగ్గరకు వెళ్లండి. ఉద్యోగం తిరిగి ఇవ్వకపోవడం, సీనియారిటీ తగ్గించడం వంటివి యూసెర్రా ఉల్లంఘనలు కనుక, వాటికి ఫెడరల్ కార్మిక శాఖలోని వెట్స్ విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు. అంతదాకా వెళ్లకుండా మాట్లాడి తేల్చుకోవాలనుకుంటే, రక్షణ శాఖకు చెందిన ఈఎస్‌జీఆర్ సంస్థ మధ్యవర్తులు రుసుము లేకుండా సాయం చేస్తారు.