ముక్కు పక్కన నొక్కితే తుమ్ములు తగ్గుతాయా? ఇంట్లో తేల్చుకునే పద్ధతి

ఇది చదువుతున్నది తుమ్ములొచ్చే మనిషే అయితే పరీక్ష సగం చెడినట్టే. ఫోను ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. నొక్కేది వాళ్లు, మార్కులు రాసేది మీరు.

ఇక నొక్కేవాళ్లకు. చైనా వైద్యంలో యింగ్‌షియాంగ్ అనే బిందువు ముక్కుకు రెండు పక్కలా ఉంటుంది. ముక్కుపుటం మధ్యకు సమానంగా, నవ్వితే గీత పడే పల్లంలో వేలు ఆగుతుంది. అది అసలు చోటు. నకిలీ చోటు చెవితమ్మెకూ నోటి మూలకూ నడుమ, బుగ్గ మీద. "రెండింట్లో ఒకటే పనిచేస్తుందంటారు, ఏదో చెప్పను" అని ముందే ఒప్పించండి. గోళ్లు తీసుకుని, రెండు వైపులా ఒకేసారి ఒక నిమిషం, పొద్దున, రాత్రి. ఎక్కడైనా ఒకే బలం. కురుపులుంటే వద్దు.

తుమ్ములు, ముక్కు కారడం, దురద, దిబ్బడ: ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 12. లేకపోతే 0, నిద్రో పనో చెడగొడితే 3. రాత్రి నొక్కకముందే రాయాలి, లేకుంటే ఆ క్షణం హాయి లెక్కలోకి దూరుతుంది. అలర్జీ మాత్ర సెటిరిజిన్ వేసుకుంటే ఎన్ని మాత్రలో పక్కన రాయండి. డాక్టరిచ్చిన స్ప్రే ఆపొద్దు, కొత్తది మొదలుపెట్టొద్దు.

మొదటి 2 వారాలు ఏమీ నొక్కొద్దు. పడిశం ముదిరినప్పుడే కదా చిట్కాలు గుర్తొచ్చేది. ముదిరింది దానంతటదే కొంత దిగుతుంది, పేరు వేలికొస్తుంది. తర్వాత జతలు: నాణెం బొమ్మ పడితే మొదటి వారం అసలు, రెండో వారం నకిలీ, బొరుసు పడితే తిరగేసి. 4 జతలకు 8 వారాలు. ప్రతి వారం తొలి 2 రోజుల మార్కులు కొట్టేయండి, పోయిన వారం ప్రభావం మిగిలుండొచ్చు.

అనంతపురంలో లెక్క చెడగొట్టేది ఎక్కువగా దుమ్మే. శనక్కాయ కట్టె కొట్టే రోజులు, వయ్యారిభామ పూసిన గట్లు, పాత గడ్డితోనే వేసిన కూలర్: ఆ తేదీల పక్కన చుక్క పెట్టండి. చుక్కలన్నీ ఒకే వారంలో పడితే ఆ జత మళ్లీ చేయాలి. దిండు గలేబులు 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే దుమ్ముపురుగులు చస్తాయి. మంచిదే, కానీ పరీక్ష మధ్యలో మొదలుపెడితే గుణం దానిదో వేలిదో తేలదు.

వీపు మీద ఆవాల ముద్ద పట్టీ వేసే పద్ధతి కూడా చైనాలో ఉంది. అది ఇంట్లో వద్దు: బొబ్బలు లేస్తాయి, పైగా ఆ మంటే ఏది అసలో చెప్పేస్తుంది. పిల్లికూతలు, ఒకే పక్క దిబ్బడ, రక్తం కనిపిస్తే పరీక్ష ఆపి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నాలుగు జతల్లోనూ నకిలీ వారం కంటే అసలు వారమే రోజు సగటున 2 మార్కులు తగ్గితే కొనసాగించొచ్చు. ఉత్త అదృష్టానికైనా 16లో ఒకసారి నాలుగు జతలూ అసలు వైపే మొగ్గుతాయి. అనుమానముంటే ఇంకో 2 జతలు చేయండి.