ఇళ్లు శుభ్రం చేసే పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఈ పనికి పెట్టుబడి తక్కువే. అలాగని అప్పు చేసి పెద్ద మెషిన్లు కొనకండి. బకెట్లు, మాప్, మైక్రోఫైబర్ గుడ్డలు, గ్లౌజులతో మొదలుపెట్టొచ్చు.

- ఇల్లు చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పకండి. చిమ్నీకి పట్టిన జిడ్డు ఒక్కటే పూటంతా తినేస్తుంది.
- రేటులో రానుపోను ఖర్చు, సామాన్లు, మీ కూలి మూడూ కలపండి. గిరాకీ కోసం మరీ తగ్గిస్తే తర్వాత పెంచడం కష్టం.
- బ్లీచ్‌ని యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో గానీ, అమ్మోనియా ఉన్నవాటితో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది, కిటికీ లేని బాత్రూమ్‌లో ప్రాణం మీదికి రావచ్చు. నాకు అన్నిటికంటే భయం దీని గురించే. సాయానికి పెట్టుకున్నవాళ్లకి మొదటిరోజే చెప్పండి.
- పాలరాయి మీద వెనిగర్, నిమ్మరసం వద్దు. మెరుపు పోతుంది.
- ముందే ఉన్న పగుళ్లు, గీతలు ఇంటివాళ్లకి చూపించి, ఫోటో తీసుకోండి.
- ఒకరిద్దరి మీదే ఆధారపడకండి. ఖర్చులు తగ్గించుకునేటప్పుడు చాలామంది ముందు మాన్పించేది ఇలాంటి పనులే. వారం వారం వద్దన్నవాళ్లని నెలకోసారైనా రమ్మంటారేమో అడగండి.
- ఇంటి తాళాలు మీ దగ్గర ఉంటే వాటి మీద అడ్రస్ రాయకండి.