మాంత్రికులుండగా రాజు మాట ఎవరు వింటారు? క్యాంపెయిన్‌లో చిక్కులు, విరుగుళ్లు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి పాత్రలాడే ఆటకు కథ కట్టేటప్పుడు మ్యాప్ గీస్తాం, రాజవంశం రాసుకుంటాం. మూడో సెషన్‌లో ఎవరో ఒక ప్రశ్న వేస్తారు, అక్కడితో సింహాసనం కూలుతుంది. డీఎంగా (కథ నడిపే డంజియన్ మాస్టర్‌గా) కూర్చున్న ప్రతి ఒక్కరికీ తగిలే దెబ్బే ఇది. కింద చెప్పినవన్నీ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం.

సమస్య: "తొమ్మిదో లెవెల్ విజర్డ్ రాజుకెందుకు తలవంచుతాడు?"

కారణం: మంత్రం ఎంత బలమైనదో రాసుకున్నాం, దానికి ఎంత ఖర్చవుతుందో రాసుకోలేదు.

పరిష్కారం: లెక్క కట్టండి. టెలిపోర్టేషన్ సర్కిల్ (క్షణంలో దూరంచోటుకు చేర్చే మంత్రవలయం) శాశ్వతంగా నిలవాలంటే ఒకేచోట ఏడాదిపాటు రోజూ వేయాలి. వేసిన ప్రతిసారీ 50 బంగారు నాణేల సుద్ద, సిరా ఖర్చు. 365 రోజులకు 18,250 నాణేలు. తొమ్మిదో లెవెల్ విజర్డ్‌కు రోజుకు ఉండేది ఒక్కటే ఐదో లెవెల్ స్లాట్ (ఆ స్థాయి మంత్రం వేసే అవకాశం), ఏడాదంతా అది దీనికే పోతుంది. అంత సొమ్ము శిస్తు వసూలు చేసేవాడి దగ్గరే ఉంటుంది. వసిష్ఠుడి చేతిలో ఓడిన విశ్వామిత్రుడు కూడా రాజ్యం కొడుక్కి అప్పగించాకే తపస్సుకు వెళ్లాడు, రెండు పనులూ ఒక్కడివల్ల కావు. ఇక సర్కిల్ పూర్తయ్యాక దాని గుర్తుల వరస (ఆ సర్కిల్‌కు చేర్చే చిరునామా) ఎవరెవరికి తెలుసు? రాజుకూ విజర్డ్‌కూ మధ్య అసలు తగవు అక్కడ మొదలవుతుంది.

సమస్య: రాజద్రోహం కథ పది నిమిషాల్లో తేలిపోతోంది

ఇది నా టేబుల్ మీదే జరిగింది. రెండు నెలలు నడవాల్సిన హత్య కేసు. క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి) పాత్ర ఆడుతున్న తమ్ముడు, "అన్నా, ఆ మంత్రిని జోన్ ఆఫ్ ట్రూత్‌లో నిలబెట్టి అడిగేద్దాం" అన్నాడు. అబద్ధం ఆడనివ్వని మంత్రం అది. కంగారులో "కోటలో మంత్రాలు పనిచేయవు" అనేశాను. వాడు క్యారెక్టర్ షీట్ బోర్లా పెట్టేశాడు. ఆ తప్పు మీరు చేయకండి.

కారణం: స్పెల్ పేరు చూసి భయపడ్డాను, వివరం చదవలేదు.

పరిష్కారం: 15 అడుగుల వ్యాసార్థం, పది నిమిషాలు. సేవ్ (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పినవాడు తెలిసి అబద్ధం ఆడలేడు, అంతే. స్పెల్ తనమీద పడిందని వాడికి తెలుస్తుంది, కాబట్టి నోరు మూసుకోవచ్చు, మాట దాటేయొచ్చు. "రాజుగారికి నా చేత్తో విషం పెట్టలేదు" అని మంత్రి నిబ్బరంగా చెప్పొచ్చు, పెట్టింది వంటవాడు మరి. అంతకన్నా ముఖ్యం: ఎవరు సేవ్ తప్పారో, ఎవరు నెగ్గారో స్పెల్ వేసినవాడికి ఒక్కడికే తెలుస్తుంది. అంటే న్యాయస్థానం మొత్తం ఒక క్లెరిక్ నోటిమాట మీద నిలబడింది. ఆ క్లెరిక్‌ను నియమించేది ఏ గుడి? సామంతులు పోటీ గుడి నుంచి రెండో క్లెరిక్‌ను తెమ్మని పట్టుబట్టరా? మౌనంగా ఉండే హక్కు దొరలకేనా, రైతుకూ ఉందా? మీ రాజ్యానికి ఈ మూడూ రాసుకుంటే స్పెల్‌ను ఆపాల్సిన పనే లేదు.

సమస్య: "మంత్రవిద్య నిషేధం" అన్నా ఎవరూ నమ్మడం లేదు

మాంత్రికుణ్ని పట్టాలంటే ఇంకో మాంత్రికుడు కావాలి. ఆ పట్టేవాళ్లకు జీతం ఎవరిస్తారో రాయండి. పూర్తి నిషేధం కన్నా హద్దులు గీయడం మేలు. 2004లో వచ్చిన ఈ ఆట ప్రపంచం ఎబెరాన్‌లో డ్రాగన్‌మార్క్ హౌసులు (మంత్రశక్తి వారసత్వంగా వచ్చే వ్యాపార కుటుంబాలు) ఎంత సంపాదించినా, కోర్త్ శాసనాల ప్రకారం భూములూ ప్రభు బిరుదులూ పొందకూడదు.

సమస్య: రాజు చచ్చినా ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు

కారణం: 500 నాణేల వజ్రం ఉంటే రెయిజ్ డెడ్‌తో చచ్చినవాణ్ని మళ్లీ బతికించొచ్చని ప్లేయర్లకు తెలుసు.

పరిష్కారం: షరతులు చదవండి. చనిపోయి పదిరోజులు దాటకూడదు. ఆత్మకు రావాలని ఉండాలి. తల లేకపోతే స్పెల్ పనిచేయదు. కాబట్టి హంతకులు తల పట్టుకుపోతారు. కుట్రదారులు ముందు రోజే బజార్లో వజ్రాలన్నీ కొనేస్తారు. ఆ పదిరోజులూ సింహాసనం ఖాళీ అయినట్టా, కానట్టా? లేచొచ్చిన రాజుకు మళ్లీ పట్టాభిషేకం చేయాలా? మా క్యాంపెయిన్‌లో యువరాజు నాలుగోరోజే కిరీటం పెట్టుకున్నాడు. తొమ్మిదోరోజు రాత్రి రాణి వజ్రంతో గుడి తలుపు తట్టింది.