‘ఇట్స్’ పైన ఆ గుర్తు పెట్టాలా వద్దా: నా తిప్పలు

ఇంగ్లీషులో మెయిల్ రాసేటప్పుడు ‘ఇట్స్’ (its / it's) రాగానే చెయ్యి ఆగిపోయేది, అపాస్ట్రఫీ (అక్షరాల మధ్య పైన పెట్టే చిన్న కామా లాంటి గుర్తు) పెట్టాలా వద్దా అని. ఒకసారి ‘ద టీమ్ అండ్ ఇట్స్ వర్క్’ అనే దాంట్లో పెట్టేసి పంపాను, మా మేనేజర్ ఎర్రగీత గీసి తిప్పి పంపారు. ‘డాగ్స్ టెయిల్’ (dog's tail)కి పెడతాం కదా, దీనికెందుకు వద్దు అనేదే నా గోల.

తర్వాత తెలిసిందేంటంటే, కుదించిన మాటల్లో ఆ గుర్తు ఎగిరిపోయిన అక్షరం జాగాలో ఉంటుంది. అందుకే ఇప్పుడు సంధి విడదీసినట్టు విడదీసి చదువుతాను. ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో చదివినా వాక్యం నిలబడితే పెడతాను, లేదంటే లేదు. ‘ద టీమ్ అండ్ ఇట్ ఈజ్ వర్క్’ అని పైకి చదివి చూడండి, చెవికే తెలిసిపోతుంది. ‘హిజ్’, ‘హర్స్’కి లేనట్టే ‘దాని’ అనే అర్థంలో వచ్చే ‘ఇట్స్’కీ లేదు, అంతే.

‘హీడ్’ (he'd) కూడా ఇంతే, విడదీసి చూడాలి: తర్వాత ‘గో’ వస్తే వుడ్, ‘గాన్’ వస్తే హ్యాడ్.

‘విల్ నాట్’ని కుదించిన ‘వోంట్’ (won't)లో ఆ ‘ఓ’ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చాలా బుర్ర బద్దలు కొట్టుకున్నాను (‘విల్’కి పాతకాలంలో ‘వోల్’ అనే రూపం ఉండేది, అదీ సంగతి). ఇంకోటి, ‘యెస్, ఐ యామ్’ అని జవాబు ముగించేటప్పుడు మాత్రం కుదించకూడదు, ‘నో, ఐమ్ నాట్’ అంటే పర్లేదు.